లినక్స్‌లో రూట్ నిండిపోతే పార్టిషన్ ఎలా పెంచాలి, ఆపై బ్రౌజర్ ఎలా పెట్టుకోవాలి

కొత్త బ్రౌజర్ పెట్టుకుందామని కమాండ్ కొడితే సగం దూరం వెళ్లి "నో స్పేస్ లెఫ్ట్ ఆన్ డివైస్" అని ఆగిపోయిందా? తప్పు బ్రౌజర్‌ది కాదు, రూట్ పార్టిషన్ (లినక్స్ సిస్టమ్, ప్రోగ్రామ్‌లు ఉండే డిస్క్ భాగం) నిండిపోయింది. విండోస్ పక్కన లినక్స్ వేసుకునేటప్పుడు "ప్రస్తుతానికి పాతిక జీబీ చాల్లే" అనుకున్నవాళ్లందరికీ ఇవాళ కాకపోతే రేపు ఎదురయ్యేదే ఇది. పార్టిషన్ సైజు మార్చడం అనగానే డేటా అంతా పోతుందేమోనని టెన్షన్ పడతారు గానీ, డిస్క్ మీద దేని పక్కన ఏముందో ముందే చూసుకుని చెయ్యి పెడితే ఇది ఒక పూటలో అయిపోయే పని. చూసుకోకుండా దిగినప్పుడే కొంప మునిగేది. అందుకే ఈ గైడ్‌లో చూడటానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను, బటన్లు నొక్కడానికి తక్కువ.

కింద కమాండ్లను పలికినట్టే తెలుగులో రాశాను, టెర్మినల్‌లో కొట్టేటప్పుడు ఇంగ్లిష్ చిన్నబడి అక్షరాల్లో కొట్టండి, పెద్దబడి కావాల్సిన చోట విడిగా చెబుతాను.

ముందు నిజంగా నిండిందో లేదో చూడండి

టెర్మినల్ తెరిచి "డీఎఫ్ -హెచ్" కొట్టండి. వచ్చే పట్టికలో చివరి గడిలో ఒట్టి "/" గుర్తు మాత్రమే ఉన్న లైన్ వెతకండి, అదే రూట్. దాని వాడకం 95 శాతం దాటిందంటే చోటు నిజంగానే అయిపోయింది. స్నాప్ (ఉబుంటు వాడే యాప్ ప్యాకేజీ పద్ధతి) ఉన్న సిస్టమ్‌లో "లూప్" పేరుతో బోలెడు లైన్లు 100 శాతం నిండినట్టు కనిపిస్తాయి, వాటిని చూసి కంగారు పడకండి, అవి చదవడానికి మాత్రమే పనికొచ్చే ఇమేజ్‌లు, ఎప్పుడూ నిండుగానే ఉంటాయి. ఇంకో సంగతి, ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్ (డిస్క్ మీద ఫైళ్లు అమర్చే పద్ధతి) మామూలుగా 5 శాతం చోటును రూట్ యూజర్ (అడ్మినిస్ట్రేటర్ ఖాతా) కోసం పక్కన పెట్టేస్తుంది, అందుకే మొత్తంలోంచి వాడింది తీసేస్తే మీకొచ్చే లెక్కా, మిగిలిందని అది చూపించే లెక్కా ఒకటి కావు.

పార్టిషన్ల జోలికి వెళ్లే ముందు చెత్త తీసి చూడండి. ఉబుంటు, డెబియన్, మింట్ వాడేవాళ్లు "సుడో ఏపీటీ క్లీన్" కొడితే దించుకుని ఇన్‌స్టాల్ చేసేసిన ప్యాకేజీ ఫైళ్లు పోతాయి, "సుడో ఏపీటీ ఆటోరిమూవ్" కొడితే అవసరం తీరిన పాత కెర్నళ్లు పోతాయి, ఇవి ఒక్కొక్కటి వందల ఎంబీ తింటూ కూర్చుంటాయి. లాగ్‌లు పేరుకుపోయి ఉంటే "సుడో జర్నల్‌సీటీఎల్ --వాక్యూమ్-సైజ్=200ఎం" (ఈ చివరి ఎం మాత్రం పెద్దబడి) వాటిని 200 ఎంబీ దగ్గరికి కుదిస్తుంది. ఫ్లాట్‌పాక్ (స్నాప్ లాంటిదే ఇంకో పద్ధతి) వాడేవాళ్లయితే "ఫ్లాట్‌పాక్ అన్‌ఇన్‌స్టాల్ --అన్‌యూజ్డ్" తప్పకుండా కొట్టండి, ఏ యాప్‌కీ అక్కర్లేని పాత రన్‌టైమ్‌లు (యాప్‌లు నడవడానికి వాడే ఉమ్మడి ఫైళ్లు) పోతాయి. స్నాప్ కూడా ప్రతి యాప్‌కీ పాత వెర్షన్ ఒకటి దాచి ఉంచుతుంది, "స్నాప్ లిస్ట్ --ఆల్" కొడితే "డిసేబుల్డ్" అని రాసి ఉన్నవి అవే.

ఇంత చేశాక ఐదారు జీబీ ఖాళీ అయితే పార్టిషన్లను అలాగే వదిలేసి నేరుగా బ్రౌజర్ దగ్గరికి వెళ్లిపోండి. అవసరం లేని రీసైజ్ చేయకపోవడమే మంచిది.

డిస్క్ మీద ఏది ఎక్కడుందో చూసుకోవడం

"ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్" కొడితే పార్టిషన్లు, వాటి ఫైల్‌సిస్టమ్‌లు, యూయూఐడీలు (ఒక్కోదానికీ విడిగా ఉండే గుర్తింపు సంఖ్యలు) కనిపిస్తాయి. ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. అందులో పార్టిషన్లు నంబర్ల వరుసలో వస్తాయి, డిస్క్ మీద అవి ఉన్న వరుసలో కాదు. మధ్యలో ఖాళీ చేసుకుని అక్కడ కొత్త పార్టిషన్ చేస్తే దానికి 7వ నంబర్ రావచ్చు, కానీ అది ఉండేది 3కీ 4కీ మధ్యలో. కాబట్టి అసలు వరుస చూడాలంటే జీపార్టెడ్ (పార్టిషన్లు మార్చే ప్రోగ్రామ్) తెరిచి పైన ఉండే పొడుగాటి బొమ్మ చూడండి, అది డిస్క్‌ను ఎడమ నుంచి కుడికి ఉన్నది ఉన్నట్టు చూపిస్తుంది. ఆ బొమ్మను ఫోన్‌తో ఫొటో తీసి పెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం, విండోస్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లలో తరచూ కనిపించే వరుస ఇది. 512 జీబీ ఎస్ఎస్‌డీ, లినక్స్ దాన్ని 476.9 అని చూపిస్తుంది, ఎందుకంటే కంపెనీ వెయ్యి లెక్కన చెబుతుంది, లినక్స్ 1024 లెక్కన కొలుస్తుంది, చోటేమీ పోలేదు. అందులో మొదట 100 ఎంబీ ఈఎఫ్ఐ పార్టిషన్, తర్వాత 16 ఎంబీ మైక్రోసాఫ్ట్ రిజర్వ్‌డ్, తర్వాత విండోస్ ఉండే పెద్ద ఎన్‌టీఎఫ్ఎస్ పార్టిషన్ సుమారు 445 జీబీ, దాని వెనకే కొన్ని వందల ఎంబీల విండోస్ రికవరీ, ఆ తర్వాత లినక్స్ రూట్ 25 జీబీ, చివర స్వాప్ (మెమరీ చాలనప్పుడు వాడుకునే చోటు) 4 జీబీ. ఈ బొమ్మ మనసులో పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

ఇప్పుడు నియమాలు. పార్టిషన్ తనను ఆనుకుని ఉన్న ఖాళీలోకి మాత్రమే పెరుగుతుంది, మధ్యలో ఇంకోటి అడ్డం ఉంటే అవతల వంద జీబీ ఉన్నా లాభం లేదు. కుడివైపు ఖాళీలోకి పెంచడం తేలిక, డేటా కదలదు, నిమిషాల్లో అయిపోతుంది. ఎడమవైపు ఖాళీలోకి పెంచాలంటే పార్టిషన్ మొదలే జరగాలి, అంటే లోపలున్న డేటా అంతా ఎడమకి కాపీ అవ్వాలి, దానికి గంటలు పట్టొచ్చు, మధ్యలో కరెంటు పోతే ఆ పార్టిషన్ మీద ఆశ వదులుకోవాల్సిందే.

ఫైల్‌సిస్టమ్‌ను బట్టి కూడా తేడాలున్నాయి. ఈఎక్స్‌టీ4 పెంచొచ్చు, తగ్గించొచ్చు, కానీ తగ్గించాలంటే అన్‌మౌంట్ అయి, అంటే వాడుకలో లేకుండా, ఉండాలి. బీటీఆర్ఎఫ్ఎస్ నడుస్తుండగానే రెండూ చేయనిస్తుంది. ఎక్స్ఎఫ్ఎస్ పెరగడమే గానీ తగ్గడం ఉండదనుకోండి, తగ్గించాలంటే బ్యాకప్ తీసి మళ్లీ ఫార్మాట్ చేయడమే దారి. ఫెడోరా వర్క్‌స్టేషన్ 33వ వెర్షన్ నుంచి, అంటే 2020 నుంచి, మామూలుగా బీటీఆర్ఎఫ్ఎస్‌తో వస్తుంది, అందులో రూట్, హోమ్ (మీ సొంత ఫైళ్లుండే చోటు) రెండూ ఒకే చోటును పంచుకుంటాయి, కాబట్టి అక్కడ "హోమ్‌లోంచి తీసి రూట్‌కి ఇద్దాం" అనే ప్రశ్నే రాదు.

పాత ఎంబీఆర్ పద్ధతి డిస్క్ అయితే ఒక మెలిక ఉంది. అందులో నాలుగు ప్రైమరీ పార్టిషన్లకే చోటు, అంతకంటే ఎక్కువ కావాలంటే ఒక ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ పెట్టి దాని లోపల లాజికల్ పార్టిషన్లు చేస్తారు. మీ రూట్ ఆ లోపలిదైతే ముందు బయటి ఎక్స్‌టెండెడ్‌ను పెంచి, తర్వాతే లోపలిదాన్ని పెంచాలి. దాని తర్వాత వచ్చిన జీపీటీ పద్ధతి డిస్క్‌లో ఈ గోల లేదు.

ఎల్ఎస్‌బీఎల్‌కేలో ఎక్కడైనా "ఎల్‌వీఎం" (పార్టిషన్ల పైన ఇంకో పొరలా చోటు పంచే పద్ధతి) అని కనిపిస్తే కాస్త ఆగండి. దాని ఉమ్మడి చోటైన వాల్యూమ్ గ్రూప్‌లో ముందే ఖాళీ ఉండొచ్చు, "సుడో వీజీఎస్" కొడితే తెలుస్తుంది, ఉంటే "ఎల్‌వీఎక్స్‌టెండ్" కమాండ్‌ను "-ఆర్" జోడించి వాడితే లాజికల్ వాల్యూమూ ఫైల్‌సిస్టమూ రెండూ కలిసి పెరుగుతాయి, సిస్టమ్ ఆపక్కర్లేదు. "క్రిప్ట్" అని కనిపిస్తే డిస్క్ ఎన్‌క్రిప్ట్ అయి ఉంది, అది వేరే పాఠం, కింది పద్ధతిని దాని మీద ప్రయోగించకండి.

మొదలుపెట్టే ముందు

బ్యాకప్ తీయండి. ఈ డిస్క్ మీద కాదు, బయటి డిస్క్ మీద. ఫొటోలు, డాక్యుమెంట్లు, బ్రౌజర్ ప్రొఫైల్ ఫోల్డర్, ఈ మూడైనా తీయండి. ల్యాప్‌టాప్‌ను చార్జర్‌కి పెట్టే ఉంచండి, డెస్క్‌టాప్ అయితే యూపీఎస్ ఉండాలి.

లైవ్ యూఎస్‌బీ, అంటే లినక్స్‌ను నేరుగా తన నుంచే నడిపే పెన్‌డ్రైవ్, ఒకటి చేసుకోండి. ఈఎక్స్‌టీ4 రూట్‌ను అది నడుస్తుండగా కుదించలేరు, జరపలేరు, అందుకే బయటి నుంచి బూట్ చేయాలి. లినక్స్ మింట్ లైవ్‌లో జీపార్టెడ్ ముందే ఉంటుంది, లేదంటే జీపార్టెడ్ లైవ్ అనే చిన్న ఐఎస్ఓ విడిగా దొరుకుతుంది. పని అయిపోయాక కూడా ఆ యూఎస్‌బీని చెరపకండి, బూట్ ఏదైనా మొరాయిస్తే అదే ఆదుకుంటుంది.

విండోస్‌లోంచి చోటు తీసుకోబోతుంటే ఆ కుదింపు విండోస్‌లోనే చేయండి, లినక్స్ నుంచి ఎన్‌టీఎఫ్ఎస్‌ను కుదించగలిగినా సరే. ముందు బిట్‌లాకర్ (విండోస్ ఎన్‌క్రిప్షన్) ఆన్‌లో ఉందేమో చూడండి, ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని సస్పెండ్ చేయండి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ తీసేయండి, ఎందుకంటే అది ఆన్‌లో ఉంటే "షట్ డౌన్" నొక్కినా విండోస్ పూర్తిగా ఆగదు, సగం నిద్రలో ఉన్న ఎన్‌టీఎఫ్ఎస్ మీద లినక్స్ ఏమైనా రాస్తే ఫైళ్లు పాడవుతాయి. తర్వాత డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, సీ డ్రైవ్ మీద రైట్ క్లిక్ చేసి "ష్రింక్ వాల్యూమ్" నొక్కితే ఎన్ని ఎంబీ కావాలని అడుగుతుంది. 60 జీబీ కావాలంటే 60ని 1024తో గుణించి 61440 ఇవ్వాలి. రెండొందల జీబీ ఖాళీ ఉన్నా ఇరవైకి మించి ఇవ్వనంటే, కదలించలేని ఫైళ్లు మధ్యలో ఉన్నాయని అర్థం, హైబర్నేషన్, పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు తాత్కాలికంగా తీసేసి రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. అక్కడితో ఆపండి, ఆ ఖాళీలో విండోస్ చేత కొత్త డ్రైవ్ చేయించకండి, "అన్ఎలొకేటెడ్" అనే ఉండనివ్వండి.

పక్కనే కుడివైపు ఖాళీ ఉంటే

ఇది అదృష్టవంతుల దారి. లైవ్ యూఎస్‌బీతో బూట్ చేసి జీపార్టెడ్ తెరవండి, పైన కుడి మూలలో సరైన డిస్క్ ఎంచుకున్నారో లేదో చూసుకోండి, యూఎస్‌బీ కూడా అక్కడే ఒక డిస్క్‌లా కనిపిస్తుంది. పార్టిషన్ పక్కన తాళం గుర్తుంటే అది వాడుకలో ఉన్నట్టు, రైట్ క్లిక్ చేసి అన్‌మౌంట్ చేయండి, స్వాప్ అయితే "స్వాప్ ఆఫ్" నొక్కండి. రూట్ మీద రైట్ క్లిక్ చేసి "రీసైజ్/మూవ్" ఎంచుకుంటే చిన్న కిటికీ వస్తుంది, అందులో కుడి అంచును లాగండి. "ఫ్రీ స్పేస్ ప్రిసీడింగ్" అన్న గడిలో అంకె మారకుండా ఉండటం ముఖ్యం, అది మారిందంటే మీరు పార్టిషన్ మొదలును కూడా జరుపుతున్నారు. "అలైన్ టు" దగ్గర ఎంఐబీ అనే ఉంచండి.

సరే నొక్కినా ఇంకా ఏమీ జరగదు. చేయాల్సిన పనులు కింద జాబితాగా కనిపిస్తాయి, టిక్ గుర్తున్న "అప్లై" నొక్కేదాకా డిస్క్ మీద ఒక్క బైటు కూడా మారదు. ఈ కాసేపు జాబితాను నిదానంగా చదవండి, "మూవ్" అనే మాట ఎక్కడైనా ఉందేమో చూడండి. అనుకోనిది కనిపిస్తే అన్‌డూ కొట్టి మళ్లీ మొదలుపెట్టండి. అప్లై నొక్కాక అది ముందు ఫైల్‌సిస్టమ్‌ను చెక్ చేస్తుంది, పార్టిషన్‌ను పెంచుతుంది, తర్వాత లోపలి ఫైల్‌సిస్టమ్‌ను దానికి సరిపడా పెంచుతుంది. కుదించేటప్పుడు ఈ వరుస తిరగబడుతుంది, ముందు లోపలిది, తర్వాత బయటిది. చేత్తో కమాండ్లు కొట్టి చేసేవాళ్లు డేటా పోగొట్టుకునేది ఎక్కువగా ఈ వరుస తప్పినప్పుడే, అందుకే మొదటిసారి చేసేవాళ్లకి నేను జీపార్టెడే చెబుతాను. ఒకసారి మొదలయ్యాక ఆపకండి, అలికిడి లేదనిపించినా ఆపకండి.

రీసైజ్ చేస్తే యూయూఐడీ మారదు, కాబట్టి ఎఫ్‌స్టాబ్ ఫైల్‌లో (బూట్ అయ్యేటప్పుడు ఏ పార్టిషన్‌ను ఎక్కడ తెరవాలో చెప్పేది) ఏమీ దిద్దక్కర్లేదు. స్వాప్ అడ్డుగా ఉంటే మాత్రం కథ వేరు. రూట్‌కీ ఖాళీకీ మధ్య స్వాప్ పార్టిషన్ ఉంటే దాన్ని తీసేసి, రూట్‌ను పెంచేసి, స్వాప్‌ను ఫైల్‌గా పెట్టుకోవడం శుభ్రమైన పద్ధతి. కాకపోతే "/ఈటీసీ/ఎఫ్‌స్టాబ్"లో పాత స్వాప్ లైన్ ముందు # గుర్తు పెట్టి నిద్రపుచ్చండి. మరిచిపోతే బూట్ అయ్యేటప్పుడు "ఎ స్టార్ట్ జాబ్ ఈజ్ రన్నింగ్" అంటూ ఒక ఎర్ర చుక్కల వరుస అటూ ఇటూ తిరుగుతూ నిమిషంన్నర నిలబెడుతుంది, లేని పార్టిషన్ కోసం సిస్టమ్‌డీ (బూట్ పనులు చూసే ప్రోగ్రామ్) ఎదురుచూసే సమయం అది. ఈఎక్స్‌టీ4 మీద స్వాప్ ఫైల్ చేయడం సులువు: "ఫాలొకేట్" కమాండ్‌తో 4 జీబీ ఫైల్ చేసి, పర్మిషన్ 600 పెట్టి, "ఎంకేస్వాప్", "స్వాప్ఆన్" కొట్టి, ఎఫ్‌స్టాబ్‌లో దాని లైన్ చేర్చండి.

మధ్యలో అడ్డం ఉంటే: హోమ్‌ను విడిగా పెట్టడం

ఇందాకటి ఉదాహరణకి రండి. విండోస్‌ను 60 జీబీ కుదిస్తే ఆ ఖాళీ వచ్చేది విండోస్‌కీ రికవరీకీ మధ్యలో. మన రూట్ రికవరీకి అవతల ఉంది. రికవరీని ఎడమకి జరిపి, తర్వాత రూట్‌ను ఎడమకి పెంచితే చోటు కలుస్తుంది, జీపార్టెడ్ ఆ పని చేస్తుంది కూడా. కానీ విండోస్ రికవరీని కదిలించి, మొత్తం రూట్‌ను జరిపి అంత రిస్క్ తీసుకోవడం నాకు నచ్చదు, అవసరమూ లేదు. ఆ ఖాళీలోనే కొత్త ఈఎక్స్‌టీ4 పార్టిషన్ చేసి హోమ్‌ను అందులోకి మార్చండి. పాతిక జీబీ రూట్‌లో సగానికి పైగా ఆక్రమించేది సాధారణంగా హోమ్ ఫోల్డరే, డౌన్‌లోడ్లు, బ్రౌజర్ క్యాష్, ప్రొఫైళ్లు అన్నీ అందులోవే. అది బయటికి పోతే రూట్ దానంతటదే ఊపిరి పీల్చుకుంటుంది, ఉన్న పార్టిషన్లలో ఒక్కటీ కదలదు.

లైవ్‌లో బూట్ అయి జీపార్టెడ్‌లో ఆ అన్ఎలొకేటెడ్ ముక్క మీద రైట్ క్లిక్, "న్యూ", ఈఎక్స్‌టీ4, అప్లై. కొత్తదాని నంబర్ 7 అని వస్తుంది, ఆశ్చర్యపోకండి, ఎందుకో పైన చెప్పాను. తర్వాత టెర్మినల్‌లో రెండు ఖాళీ ఫోల్డర్లు చేసి, ఒకదాని మీద పాత రూట్‌ను, ఇంకోదాని మీద కొత్త పార్టిషన్‌ను మౌంట్ చేయండి. కాపీని ఫైల్ మేనేజర్‌తో లాగి పెట్టడం వద్దు, ఫైళ్ల యజమాని, పర్మిషన్లు మారిపోయి లాగిన్ అవ్వకుండా పోతుంది. "సుడో ఆర్‌సింక్" వాడండి, దానికి "-ఏఏఎక్స్‌హెచ్" జోడించండి, ఇందులో మొదటి ఏ చిన్నబడి, మిగతా మూడూ పెద్దబడి. మూలం దారి చివర "/హోమ్/" అని స్లాష్ తప్పకుండా ఉండాలి. ఆ స్లాష్ లేకపోతే హోమ్ లోపలి ఫోల్డర్లు కాకుండా హోమ్ అనే ఫోల్డరే వెళ్లి కూర్చుంటుంది, రేపు మీ ఫైళ్లు "/హోమ్/హోమ్"లో తేలతాయి.

కాపీ అయ్యాక "సుడో బీఎల్‌కేఐడీ" కొట్టి కొత్త పార్టిషన్ యూయూఐడీ తీసుకోండి. పాత రూట్ లోపల ఉన్న ఎఫ్‌స్టాబ్‌లో (లైవ్ సిస్టమ్‌ది కాదు, పొరబడకండి) ఒక లైన్ చేర్చాలి: ఆ యూయూఐడీ, మౌంట్ అయ్యే చోటు "/హోమ్", ఈఎక్స్‌టీ4, "డిఫాల్ట్స్", 0, 2. పాత రూట్‌లోని హోమ్ ఫోల్డర్ పేరును హోమ్-పాతది లాంటి అర్థమయ్యే పేరుకి మార్చి, దాని స్థానంలో "హోమ్" పేరుతో ఖాళీ ఫోల్డర్ చేయండి. రీబూట్ చేసి "డీఎఫ్ -హెచ్" కొడితే "/హోమ్"కి విడిగా ఒక లైన్ కనిపించాలి. అది కనిపించి, మీ ఫైళ్లు తెరుచుకుంటుంటే కొన్నాళ్లు అలాగే వాడి చూసి, పాత ఫోల్డర్‌ను తీసేయండి. అది తీసేదాకా రూట్‌లో చోటు ఖాళీ అవ్వదు. వెంటనే బ్రౌజర్ కావాలంటే పాత ఫోల్డర్‌లోంచి డౌన్‌లోడ్లు, క్యాష్ లాంటి భారీ ఫోల్డర్లు మాత్రం ముందుగా తీసేయండి, కొత్త చోట అవి ఉన్నాయని చూసుకున్నాకే.

ఇక బ్రౌజర్

ఇంతకుముందు చోటు లేక సగంలో ఆగిన ఇన్‌స్టాల్ ప్యాకేజీ వ్యవస్థను అటూ ఇటూ కాకుండా వదిలేసి ఉంటుంది. డెబియన్ కుటుంబంలో ముందు "సుడో డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ", తర్వాత "సుడో ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్" కొట్టి సరిచేయండి. ఇది చేయకుండా కొత్త ప్యాకేజీ పెట్టబోతే మళ్లీ ఎర్రర్లే వస్తాయి, మీరేమో పార్టిషన్ పని తప్పిందనుకుంటారు.

బ్రౌజర్ ఎక్కడి నుంచి తెచ్చుకోవాలన్నదానికి నా కొలత ఒక్కటే: అప్‌డేట్లు వాటంతటవే వస్తాయా లేదా. బ్యాంకు పాస్‌వర్డ్ కొట్టేది అందులోనే కదా, ఆరు నెలల పాత బ్రౌజర్‌తో నెట్‌లో తిరగకూడదు. ఏదో డౌన్‌లోడ్ సైట్‌లో దొరికిన డెబ్ (డెబియన్, ఉబుంటు వాడే ప్యాకేజీ) ఫైల్ మాత్రం ఎప్పుడూ పెట్టకండి.

ఫైర్‌ఫాక్స్ సంగతి డిస్ట్రోని (ఉబుంటు, ఫెడోరా లాంటి లినక్స్ రకాన్ని) బట్టి మారుతుంది. మింట్‌లో, ఫెడోరాలో మామూలు ప్యాకేజీగానే ఉంటుంది, ఏమీ చేయక్కర్లేదు. డెబియన్ స్టేబుల్‌లో ఈఎస్ఆర్ వెర్షన్ ఉంటుంది, కొత్త ఫీచర్లు ఆలస్యంగా వచ్చినా సెక్యూరిటీ ప్యాచ్‌లు సమయానికే వస్తాయి, చాలామందికి అది చాలు. ఉబుంటులో 22.04 నుంచి "ఏపీటీ ఇన్‌స్టాల్ ఫైర్‌ఫాక్స్" కొట్టినా దిగేది స్నాపే. స్నాప్ చెడ్డదని కాదు, అప్‌డేట్లు తనే చేసుకుంటుంది, కానీ స్నాప్‌లు "/వార్/లిబ్/స్నాప్‌డీ" కింద అంటే రూట్ మీదే చోటు తీసుకుంటాయి, ఇరుకు రూట్ ఉన్నవాళ్లకి ఇది గుర్తుండాలి.

డెబ్ కావాలంటే ఫైర్‌ఫాక్స్ చేసే మొజిల్లాకి సొంత ఏపీటీ రిపాజిటరీ (ప్యాకేజీలు దిగే సర్వర్) ఉంది, 2024 జనవరిలో ఫైర్‌ఫాక్స్ 122తో మామూలు వెర్షన్ కూడా అందులోకి వచ్చింది. మొజిల్లా సపోర్ట్ పేజీలో కమాండ్లు వరుసగా ఉంటాయి, కాపీ చేసి కొట్టండి, అవి చేసేదేమిటంటే సంతకం చేసే కీని "/ఈటీసీ/ఏపీటీ/కీరింగ్స్"లో పెట్టడం, రిపాజిటరీ చిరునామా చేర్చడం, ప్రిఫరెన్సెస్ ఫైల్‌లో ప్రయారిటీ 1000 అని రాయడం. చాలామంది ఈ మూడోది వదిలేసి "మళ్లీ స్నాపే వస్తోంది" అని తల పట్టుకుంటారు. కారణం ఇది: ఉబుంటు ప్యాకేజీ వెర్షన్ "1:1స్నాప్1" అని మొదలవుతుంది, ముందున్న ఆ "1:" వల్ల ఏపీటీ దాన్ని మొజిల్లా వెర్షన్ కంటే ఎప్పుడూ పెద్దదిగానే లెక్కిస్తుంది. "ఏపీటీ పాలసీ ఫైర్‌ఫాక్స్" కొట్టి చూస్తే ఏది గెలుస్తోందో అక్కడే తెలిసిపోతుంది.

స్నాప్ నుంచి డెబ్‌కి మారేవాళ్లు స్నాప్‌ను తీసేసే ముందు ప్రొఫైల్ కాపీ చేసుకోవాలి. స్నాప్‌లో అది హోమ్ లోపల "స్నాప్/ఫైర్‌ఫాక్స్/కామన్/.మొజిల్లా"లో ఉంటుంది, ఫ్లాట్‌పాక్‌లో ".వార్/యాప్" కింద, మామూలు ప్యాకేజీలో నేరుగా హోమ్‌లో ".మొజిల్లా"లో ఎక్కువగా ఉంటుంది. బ్రౌజర్ పూర్తిగా మూసేశాకే కాపీ చేయండి. కాపీ చేశాక ఖాళీ ప్రొఫైల్ తెరుచుకుంటే "ఎబౌట్:ప్రొఫైల్స్" పేజీలోకి వెళ్లి పాతదాన్ని ఎంచుకోండి.

క్రోమ్‌కి గూగుల్ పేజీ నుంచి డెబ్ లేదా (ఫెడోరా అయితే) ఆర్‌పీఎం దించుకోండి. 32 బిట్ లినక్స్‌కి క్రోమ్ 2016లోనే ఆగిపోయింది, కాబట్టి పాత 32 బిట్ మెషీన్‌లో దాని కోసం వెతకడం వృథా. డౌన్‌లోడ్స్ ఫోల్డర్‌లోకి వెళ్లి "సుడో ఏపీటీ ఇన్‌స్టాల్ ./" అని కొట్టి ఆ వెంటనే ఫైల్ పేరు ఇవ్వండి. ముందున్న చుక్కా స్లాషూ ముఖ్యం, అవి లేకపోతే ఏపీటీ ఆ పేరున్న ప్యాకేజీ కోసం తన రిపాజిటరీల జాబితాలో వెతుకుతుంది. చివర్లో "అన్‌శాండ్‌బాక్స్‌డ్" అంటూ ఒక నోట్ వస్తే పట్టించుకోకండి, మీ హోమ్‌లోని ఫైల్‌ను ఏపీటీ తన సొంత యూజర్‌గా చదవలేక రూట్‌గా చదివిందని చెప్పడమే అది, ఇన్‌స్టాల్ అయిపోయింది. క్రోమ్ డెబ్ తన రిపాజిటరీని తనే చేర్చుకుంటుంది, ఆ తర్వాతి అప్‌డేట్లు మిగతా ప్యాకేజీలతో పాటే వస్తాయి. క్రోమియం కావాలంటే డెబియన్, మింట్‌లో మామూలు ప్యాకేజీ, ఉబుంటులో స్నాప్.

హోమ్‌ను విడిగా పెట్టుకున్నవాళ్లకి ఫ్లాట్‌పాక్ బాగా కలిసొస్తుంది. మామూలుగా ఫ్లాట్‌పాక్‌లు కూడా రూట్ మీద "/వార్/లిబ్/ఫ్లాట్‌పాక్"లోకే వెళ్తాయి, కానీ "--యూజర్" జోడిస్తే అన్నీ హోమ్ లోపలికి, అంటే మీరు కొత్తగా చేసిన పెద్ద పార్టిషన్‌లోకి దిగుతాయి. ముందు ఫ్లాట్‌హబ్‌ను (ఫ్లాట్‌పాక్ యాప్‌లు దొరికే చోటు) కూడా "--యూజర్"తోనే చేర్చాలి, లేకపోతే రిమోట్ దొరకలేదంటుంది. మొదటిసారి రన్‌టైమ్‌లు కూడా కలిసి దిగుతాయి, జీబీ దాటొచ్చు, అందుకే నెట్ బాగున్నప్పుడు చేయండి. ఒక లోటు ఉంది, శాండ్‌బాక్స్ (యాప్‌ను మిగతా సిస్టమ్ నుంచి విడిగా ఉంచే ఏర్పాటు) వల్ల కీపాస్ఎక్స్‌సీ లాంటి బయటి పాస్‌వర్డ్ మేనేజర్ ఈ బ్రౌజర్‌తో నేరుగా మాట్లాడలేదు. అది వాడేవాళ్లు డెబ్ వైపే వెళ్లండి.

ఏది పెట్టినా "సుడో"తో బ్రౌజర్‌ను తెరవకండి. ఒక్కసారి అలా తెరిచినా ప్రొఫైల్‌లో కొన్ని ఫైళ్లు రూట్ పేరు మీదికి మారిపోయి, మర్నాడు మామూలుగా తెరిస్తే మొరాయించవచ్చు. తెలుగు పేజీల్లో అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే నోటో ఫాంట్ల ప్యాకేజీ పెట్టి బ్రౌజర్ మూసి తెరవండి.

చివరిగా ఒక చూపు. డెబ్‌గా పెట్టినవాళ్లు "సుడో ఏపీటీ అప్‌డేట్" కొట్టి వచ్చే లైన్లలో మొజిల్లా లేదా గూగుల్ చిరునామా ఉందా, దాని పక్కన ఎర్రర్ లేదా అని చూడండి. ఆ లైన్ లేకపోతే ఇవాళ బ్రౌజర్ తెరుచుకున్నా రేపటి నుంచి అప్‌డేట్లు రావు, రిపాజిటరీ ఫైల్ ఇప్పుడే సరిచేసుకోండి.